మెత్తటి ప్లేటు

క్లచ్ ప్లేటును చేత్తో పట్టుకుని చూస్తే అది ఏ బండిదో, ఇంకెన్నాళ్లు నడుస్తుందో చెప్పగలను. గొప్పకు చెప్పుకోవడం లేదు. పెళ్లై మార్కాపురం వచ్చిన కొత్తలో మా ఆయన సరుకు కోసం విజయవాడ పోయినప్పుడల్లా స్పేర్ పార్టుల దుకాణం మూసెయ్యడం ఎందుకని కౌంటర్ వెనక కూర్చున్నాను. అట్లా కూర్చున్నదాన్ని పదిహేనేళ్లు కూర్చుండిపోయాను. మొదట్లో లారీ వాళ్లు, ట్రాక్టర్ వాళ్లు లోపలికి తొంగి చూసి, అన్న లేడా అని వెనక్కి తిరిగేవాళ్లు. అన్న వస్తే ప్లేటుకు పళ్లు మొలుస్తాయా, ఇట్లా తెచ్చి చూపించమని గదమాయించేదాన్ని. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఇప్పుడు మా ఆయన పక్కనే ఉన్నా అందరూ నన్నే అడుగుతారు. నేను ఏది చేతిలో పెడితే అది మారు మాట లేకుండా తీసుకుపోతారు. మా తమ్ముడు కూడా అట్లాగే తీసుకుపోయాడు.

మా పుట్టింటి ఊరు రాచర్ల దగ్గర. నాయనకు గొర్రెలే లోకం. తమ్ముడు బోరు మోటార్లు ఎత్తుతాడు, బాగుచేస్తాడు, మళ్లీ దించుతాడు. మా వైపు నీళ్లు ఏటికేడు కిందికి పోతుంటాయి కాబట్టి వాడికి పనికి కరువు లేదు. పనికని ఒక పాత కారు కొన్నాడు. ఇంజిన్ ముందుంటుంది, బలం వెనక చక్రాలకు పోతుంది. అట్లాంటి చిన్న కార్లు ఇప్పుడు రావడం లేదు. వెనక సీటు మడిచేస్తే పైపులు, కేబుల్ చుట్టలు పడతాయని నాతో చెప్పాడు. అసలు సంగతి వేరు. ముందు చక్రాలు లాగే కారుతో డ్రిఫ్ట్ కొట్టడం కుదరదు. అందుకని వాడు ఊళ్లూళ్లూ తిరిగి, ఏరి కోరి ఆ ముసలి కారును తెచ్చుకున్నాడు.

డ్రిఫ్ట్ అంటే తెలియనివాళ్లకు చెబుతాను. వేగంగా పోతూ స్టీరింగు ఒక పక్కకు తిప్పి, ఎడమకాలితో క్లచ్ మీద ఒక్క తన్ను తన్ని వదలాలి. ఇంజిన్ బలమంతా ఒక్కసారిగా వెనక చక్రాల మీద పడి, అవి పట్టు తప్పి, కారు అడ్డంగా జారుతుంది. అట్లా జారుతున్నదాన్ని తిరగబడకుండా మలుపు పొడుగునా తీసుకుపోవడమే ఆట. పెద్దారవీడు పోయే దారిలో ఒక వెంచర్ ఉంది. సిమెంటు రోడ్లు వేశారు, హద్దురాళ్లు పాతారు, కరెంటు స్తంభాలు నిలబెట్టారు. ఇల్లు మాత్రం ఒక్కటీ లేవలేదు. ఆదివారం పొద్దున్నే నలుగురైదుగురు మగపిల్లలు అక్కడ చేరేవాళ్లు. మగపిల్లలని నేను అంటున్నాను గానీ ముప్పై దాటినవాళ్లే అందరూ. ఒకడు తిప్పుతుంటే మిగతావాళ్లు ఫోన్లు ఎత్తి పట్టుకునేవాళ్లు.

ఒకసారి నేనూ చూశాను. తమ్ముడి భార్య ఫోన్ చేసి, వదినా, ఒక్కసారి వచ్చి నీ కళ్లతో చూడు, తర్వాత నువ్వే మాట్లాడు అంది. పోయి ఒక హద్దురాయి పక్కన నిలబడ్డాం. కారు అడ్డంగా జారుకుంటూ వచ్చి కరెంటు స్తంభానికి జానెడు దూరంలో ఆగింది. వాడు తలుపు తీసుకుని నవ్వుతూ దిగాడు. అందరి ముందూ చెంప మీద ఒక్కటి పీకాను. వాడు చెంప రుద్దుకుంటూ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. పనిలో పడి నోరు విప్పని వాడు, ఇంట్లో ముక్తసరిగా రెండు మాటలు మాట్లాడేవాడు, ఆ పూట వాడి మొహం వెలిగిపోతూ ఉంది. అది చూసే నాకు ఎక్కువ భయం వేసింది. ఇంత ఇష్టమైనదాన్ని చెంపదెబ్బతో మాన్పించలేమని అర్థమైంది.

ఆ తర్వాత నెలలోనే వాళ్లలో ఒకడి కారు హద్దురాయికి తగిలి రెండు పల్టీలు కొట్టింది. నడుము దగ్గర వెన్నెముక దెబ్బతింది. పొదిలి వాడు. ఇప్పటికీ మంచం మీదే ఉన్నాడు. వాణ్ణి చూసి వచ్చి మా మరదలు దుకాణంలో కూలబడి ఏడ్చింది. నువ్వు చెబితే వింటాడు వదినా అని నా రెండు చేతులూ పట్టుకుంది. నేను చెప్పాను. నెత్తీ నోరూ బాదుకున్నాను. తిట్టాను, అన్నం మానేస్తానన్నాను, నాయనతో చెప్పించాను. అన్నిటికీ సరే అన్నాడు. ఆదివారం వస్తే మళ్లీ వెంచర్‌లోనే ఉన్నాడు. వాడు చచ్చిపోతాడని, లేకపోతే ఆ పొదిలి వాడిలా బతుకుతాడని నాకు గట్టిగా అనిపించింది. ఎట్లాగైనా ఆపాలి. అప్పట్లో నా మనసులో ఇంకో ఆలోచన లేదు.

అట్లాంటి రోజుల్లో వాడి కారు క్లచ్ పోయింది. పోక ఏమవుతుంది, ఆదివారం ఆదివారం దాన్ని తన్నే తన్నులకు. ఆ కారుకు కొత్త ప్లేట్లు ఎక్కడా దొరకవు. మా వైపు అట్లాంటివాటికి ఒకటే దారి. పొదిలి రోడ్డులో ఒక మేస్త్రి షెడ్డు ఉంది. అరిగిన లైనింగు, అంటే ఇంజిన్‌ను పట్టుకునే పై పొర, ఊడదీసి, పాత ప్లేటుకే కొత్త లైనింగు పెట్టి, చుట్టూ రాగి రివిట్లు కొట్టి ఇస్తాడు. రాళ్ల లారీల నుంచి ఆటోల దాకా ఆయన చేతి మీదుగానే పోతాయి. గేర్‌బాక్స్ దించేదీ, బిగించేదీ ఆయనే. తమ్ముడు కారును అక్కడికి తోయించి, కాలిన ప్లేటు సంచిలో వేసుకుని నా దగ్గరికి వచ్చాడు.

ముందు ఫోనులో ఒక బొమ్మ చూపించాడు. పెద్ద ఊళ్లలో ఆటకు వాడే ప్లేటట. చుట్టూ లైనింగు ఉండదు, నాలుగు వైపులా నాలుగు లోహపు ముక్కలు ఉంటాయి. మద్రాసు నుంచి తెప్పించుకుందామా అన్నాడు. అది నిజంగానే ఆ కారుకు పనికిరాదు. ఆ విషయంలో నేను అబద్ధం ఆడలేదు. పట్టిందంటే ఠక్కున పట్టుకుంటుంది, మధ్యలో జారడమన్నది ఉండదు. దానికి తగ్గ గట్టి స్ప్రింగు వేస్తే పెడలు తొక్కలేక కాలు పీక్కుపోతుంది. ఆ విసురుకు ముసలి గేర్‌బాక్స్ పళ్లు రాలతాయి. ఇంట్లోవాళ్లు ఎక్కే బండికి అది వద్దని చెప్పాను. వాడు వెంటనే ఒప్పుకున్నాడు.

మిగిలినవి రెండు. ఒకటి, మధ్యలో ఇత్తడి తీగలు కలిపి నేసిన లైనింగు. బరువు మోసే బండ్లకు వేస్తారు. వేడెక్కినా పట్టు వదలదు. వాడి ఆటకూ, వాడి పనికీ సరిగ్గా అదే కావాలి. రెండోది మెత్తటి లైనింగు. ఊళ్లో మెల్లగా తిరిగే పెద్దమనుషుల కార్లకు బాగుంటుంది. నున్నగా పట్టుకుంటుంది, సుఖంగా ఉంటుంది. వేడి తగిలితే మాత్రం ముందు వాసన వస్తుంది, తర్వాత జారుతుంది, తర్వాత పొడి అయిపోతుంది. రెండూ చూడ్డానికి గుండ్రంగా ఒకేలాగుంటాయి. చేతిలో పట్టుకుని వెలుతురుకు తిప్పి చూసేవాళ్లకే తేడా తెలుస్తుంది.

"నువ్వు ఏది పెట్టమంటే అది పెట్టిస్తా అక్కా" అన్నాడు వాడు. "నాకు తొక్కేది తప్ప ఏం తెలుసు."

నాకు ఒక అలవాటు ఉంది. కౌంటర్ వెనక కూర్చున్నవాళ్లకే వచ్చే అలవాటు. వాదించి ఎవర్నీ ఆపలేమని, సరుకుతో ఆపొచ్చని నాకు ఎప్పుడో తెలిసింది. కూలీలను ఇంకో నలుగుర్ని ఎక్కించుకోవాలని ఒక ఆటో అతను స్ప్రింగు కట్టకు అదనంగా పట్టీ అడిగాడు. ఇవ్వనంటే ఇంకో దుకాణానికి పోతాడు. అందుకని లేదనలేదు. రేపు వస్తుంది, ఎల్లుండి వస్తుంది అని నెల రోజులు తిప్పాను. వాడికే విసుగొచ్చి మానేశాడు. ఆ పనికి నన్ను నేను మెచ్చుకున్నాను కూడా.

తమ్ముడి ప్లేటు కూడా అట్లాగే ఆలోచించాను. మెత్తటిది వేయిస్తే మూడు నాలుగు ఆదివారాల్లో కాలుతుంది. గేర్‌బాక్స్ దించి ప్లేటు మార్చడమంటే రెండు రోజుల పని. ఆ రెండు రోజులూ వాడి బోర్ల పని ఆగుతుంది, రైతులు ఫోన్ల మీద ఫోన్లు చేస్తారు. ఇంకోసారి కాలితే ఇంకో రెండు రోజులు. నేను ప్రతిసారీ ఈ కారు ఆటకు ఆగదురా అంటుంటాను. వాడికే విసుగొస్తుంది. ఎవరికీ దెబ్బ తగలదు. ఇంత మంచి ఉపాయం నాకు ముందే ఎందుకు తట్టలేదా అనుకున్నాను.

ఇద్దరం షెడ్డుకు పోయాక, తమ్ముడు టీకి పోయిన సమయం చూసి మెత్తటిదే వెయ్యమని మేస్త్రికి చెప్పాను. ఆయన మెత్తటి లైనింగును వేలితో నొక్కి నా మొహం చూశాడు.

"ఇది ఆటకు ఆగదమ్మా" అన్నాడు.

"తెలుసన్నా. రివిట్లు కొట్టు."

ఆయన ఇత్తడి తీగల లైనింగును మళ్లీ గోడ మేకుకు తగిలించాడు.

మొదటి ఆదివారం పెడలు వెన్నలా ఉందని తమ్ముడు సంబరపడ్డాడు. మూడో ఆదివారం ఫోన్ చేసి, మలుపు తిప్పిన ప్రతిసారీ వాసన వస్తోందన్నాడు. నేను అప్పుడు లోపల్లోపల సంతోషపడ్డాను. దాచడం ఎందుకు, పండగ చేసుకున్నాను. ఈ కారు ఆటకు పనికిరాదని ఎంత చెప్పినా నీ చెవికెక్కలేదు కదా అని దులిపేశాను. ఇంకో గట్టి లైనింగు ఏదైనా ఉందేమో చూడక్కా అన్నాడు. తెప్పిస్తాను, రెండు వారాలు పడుతుంది, అంతవరకు ఆట మానెయ్, పనికి మాత్రం తిప్పుకో అన్నాను. ఇత్తడి తీగల లైనింగు షెడ్డు గోడకు వేలాడుతూనే ఉంది. రాచర్ల, గిద్దలూరు మధ్య చదును రోడ్డే కదా, మెల్లగా పోతే నెల రోజులు వస్తుందని నా అంచనా. నా అంచనాలు తప్పవని అందరూ అంటారు.

ఆ వారమే అమ్మకు కంటి ఆపరేషన్ అయ్యి, తోడుండటానికి నేను పుట్టింటికి పోయాను. ఎండలు ముదిరిన రోజులు. పొద్దున్నే నాయన గొర్రెలను దొడ్డిలోంచి వదులుతూ వదులుతూ పక్కకు ఒరిగిపోయాడు. నేను పరిగెత్తే సరికి నోరు ఒక పక్కకు గుంజుకుపోయి ఉంది. కుడి చెయ్యి ఎత్తితే జారిపోతోంది. ఏదో చెప్పాలని చూస్తున్నాడు, మాట రావడం లేదు. తమ్ముడు ఎత్తుకుని కార్లో పడుకోబెట్టాడు. గిద్దలూరులో డాక్టరు చూసి, మెదడులో రక్తం గడ్డ కట్టి ఉంటుంది, నంద్యాల తీసుకుపోండి, కొన్ని గంటల్లోపు సూదిమందు పడితే మనిషి మనిషిలా లేస్తాడు, ఇంకా టైముంది, కదలండి అన్నాడు. అంబులెన్సు అప్పుడే ఒక కాన్పు కేసును తీసుకుని పోయింది.

మెత్తటి ప్లేటు సంగతి నాకు సరిగ్గా అక్కడ గుర్తొచ్చింది. నంద్యాల అంటే నల్లమల ఘాట్ ఎక్కి దిగాలి. ఆసుపత్రి గేటు దగ్గర రెండు బాడుగ కార్లు ఉన్నాయి. వేరే బండి మాట్లాడదామా అన్నాను తమ్ముడితో. మన కారుండగా వేరే బండేందక్కా, వాళ్లు నాకంటే వేగంగా పోతారా అని స్టీరింగు ముందు కూర్చున్నాడు. ఎందుకు వద్దో చెప్పాలంటే అసలు సంగతి చెప్పాలి. చెప్పడానికి ఒక్క నిమిషం పట్టేది. నేను వెనక కూర్చుని నాయన తలను ఒళ్లో పెట్టుకున్నాను.

దిగువమెట్ట దాటేదాకా బాగానే పోయాం. ఎత్తు మొదలైన రెండో మలుపులో వాసన వచ్చింది. కాలిన వెంట్రుకల వాసన, దాంట్లో కాస్త రబ్బరు కలిసినట్టు. లోకంలో ఎవరికి తెలియకపోయినా నాకు తెలుసు అదేమిటో. ముందు ఒక లోడు లారీ నడకలా ఎక్కుతోంది. దాని వెనక ఆగుతూ, కదులుతూ, తమ్ముడు సగం క్లచ్ మీదే కారును పట్టుకుంటున్నాడు. లారీని దాటాక యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ అరుస్తోంది గానీ బండి కదలడం లేదు. ఆపు, పది నిమిషాలు చల్లారనిస్తే మళ్లీ పట్టుకుంటుంది అన్నాను. నాయన ఇట్లుంటే ఆపమంటావేందక్కా అని వాడు ఇంకా గట్టిగా తొక్కాడు. వాణ్ణి తప్పు పట్టడానికి లేదు. వాడి చోట నేనున్నా తొక్కేదాన్ని. ఇంకో మలుపు తిరిగాక కింద నుంచి పొగ లేచింది. కారు వెనక్కి జారబోతే దిగి చక్రం కింద రాయి పెట్టాడు.

అక్కడ ఫోన్లు పనిచెయ్యవు. కారు ఆగితే తిండి పెడతారని అలవాటైన కోతులు నాలుగు వచ్చి చుట్టూ కూర్చున్నాయి. ఒకటి బానెట్ ఎక్కి లోపలికి చూస్తోంది. తమ్ముడు రోడ్డుకు అడ్డం నిలబడి వచ్చిన ప్రతి బండికీ చేతులు జోడిస్తున్నాడు. కొన్ని నిండుగా ఉన్నాయి, కొన్ని ఆగలేదు. నేను కొంగుతో నాయన నోటి పక్క కారుతున్నది తుడుస్తూ కూర్చున్నాను. ఆయన ఎడమచేత్తో నా చెయ్యి పట్టుకున్నాడు. గట్టిగా పట్టుకున్నాడు. నేను ఏడవలేదు. నాకు ఏడ్చే హక్కు లేదని అప్పుడే తెలుసు. చివరికి టమాటా ట్రేలు దించి ఖాళీగా పోతున్న ఒక వ్యాను అతను ఆపాడు. ట్రేల మధ్య గోనెపట్టా పరిచి నాయనను పడుకోబెట్టి తీసుకుపోయాం.

స్కానింగు అయ్యాక డాక్టరమ్మ బయటికి వచ్చి, ఎప్పుడు పడిపోయాడు, దారిలో ఇంత ఆలస్యం ఎందుకైందని అడిగింది. కారు చెడిపోయిందని తమ్ముడు చెప్పాడు. గంట ముందు వచ్చుంటే ఆ సూదిమందు వేసేవాళ్లం, ఇప్పుడు వేస్తే ప్రమాదమే ఎక్కువ అని ఆమె మెల్లగానే చెప్పింది. కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది.

ప్రాణం దక్కింది. కుడి చెయ్యి, కుడి కాలు, మాట పోయాయి. నోటితో కిర్రుమని పిలిస్తే మంద మొత్తం తలెత్తి చూసే మనిషి, ఇప్పుడు మంచినీళ్లు కావాలన్నా మంచం పట్టె మీద కొడతాడు. గొర్రెలను అమ్మేశాం.

ఇరవై రోజుల తర్వాత తమ్ముడు కారును లాక్కొచ్చి మేస్త్రి షెడ్డులో పెట్టాడు. నన్నూ రమ్మన్నాడు. మేస్త్రి గేర్‌బాక్స్ దించి ప్లేటు తీసి బల్ల మీద పెట్టాడు. లైనింగు బొగ్గయింది. రివిట్ల తలలు బయటపడి ఉన్నాయి. తమ్ముడు దాన్ని రెండు చేతులతో ఎత్తుకుని చాలాసేపు చూశాడు. మేస్త్రి చేతులు తుడుచుకునే గుడ్డ వెతుక్కుంటూ అవతలికి పోయాడు.

"నేను ఆడిన ఆటకేనా అక్కా ఇది ఇట్ల కాలిపోయింది?" అన్నాడు వాడు. "నిజం చెప్పు. ఆడకుండా ఉంటే ఆ పొద్దు ఘాట్ ఎక్కేదేనా?"

అడిగింది సూటిగా అడిగాడు. చెప్పాల్సిన చోటు అదే, చెప్పాల్సిన పూట అదే. గట్టి లైనింగు ఇంకా అదే గోడకు, నా తల పక్కనే ఉంది. అది వేసుంటే వాడు ఇంకో ఏడాది ఆడినా ఆ కొండ ఎక్కేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"ఎక్కేది" అన్నాను. "నువ్వు తన్నిన తన్నులకు ఏ ప్లేటైనా ఇంతే."

వాడు తల ఊపాడు. అంతకుముందే తెలిసిన సంగతిని ఇంకోసారి విన్నట్టు ఊపాడు. నువ్వు మొదట్నుంచీ చెప్తానే ఉంటివి, నేనే వినకపోతిని అన్నాడు. కారును ఆ రోజే తుక్కు కింద ఇచ్చేశాడు. మేస్త్రి నాతో ఇప్పటికీ మాట్లాడతాడు, లైనింగులు నా దుకాణం నుంచే తీసుకుంటాడు. నా మొహం మాత్రం చూడడు.

తమ్ముడు మళ్లీ స్టీరింగు ముట్టుకోలేదు. పైపులు ఆటోలో వేసుకుని పోతాడు. నేను కోరుకున్నది అక్షరాలా జరిగింది. మరదలు ఆ మధ్య, ఎట్లైతేనేం ఆ పీడ వదిలింది వదినా అని నా చేతులు పట్టుకుంది. విడిపించుకుని లేచి వచ్చేశాను. ఆ పిల్లకు ఏమీ అర్థం కాలేదు.

పోయిన వారం ఊరికి పోయాను. తమ్ముడు పని నుంచి వచ్చి, స్నానం చేసి, నాయనకు తనే సంగటి మెదిపి తినిపిస్తున్నాడు. రోజూ వాడే తినిపిస్తాడట, ఇంకెవర్నీ తినిపించనివ్వడట. నేను వాకిట్లోంచి వస్తుంటే వాడి మాట వినిపించింది.

"నా వల్లనే గదా నాయనా నీకు ఇట్లయింది" అంటున్నాడు. రోజూ అంటాడో, ఆ రోజే అన్నాడో నాకు తెలియదు.

నాయన ఎడమ చెయ్యి పైకి లేచింది. వణుకుతూ వణుకుతూ పోయి వాడి చెంప మీద ఆగింది. రెండు సార్లు మెల్లగా తట్టింది. పోనీలేరా అన్నట్టు తల అడ్డంగా ఊపాడు. తమ్ముడు గిన్నె పట్టుకునే ఏడుస్తున్నాడు. వాడు చెయ్యని తప్పుకు నాయన వాణ్ణి క్షమిస్తున్నాడు. ఆ ఇంట్లో మాట పోయింది నాయనకు. నాకు పోలేదు. గడపలో నిలబడి ఇద్దర్నీ చూస్తూ ఉన్నాను, నోరు విప్పలేదు.